సరిహద్దు అవతలి రైఫిల్ నిజంగా చౌకేనా?

(షూటింగ్ క్లబ్ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. సరే.

ఈ ప్రశ్న నన్ను అడిగేవాళ్లందరూ దాదాపు ఒకే రకంగా అడుగుతారు. "సార్, ఫలానా మోడల్‌కి ఇక్కడి డీలర్ ఇంత చెబుతున్నాడు. అదే మోడల్ సరిహద్దు అవతల బాగా తక్కువకి కనబడుతోంది. తెప్పించుకోవచ్చా?" అని. నోటితో అడిగేది తెప్పించుకోవచ్చా అని. మనసులో అడిగేది మాత్రం, "ఈ డీలర్ నన్ను దోచుకుంటున్నాడా?" అని. అవునా, కాదా? నవ్వుతున్నారంటే అవుననే అర్థం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఇక్కడ దొరకని రైఫిల్ కోసం సరిహద్దు దాటండి, తప్పులేదు. చౌక కోసం మాత్రం దాటకండి. ఇంకోసారి చెబుతాను, ఎందుకంటే తర్వాత నన్ను పట్టుకుని "మీరు వద్దన్నారు" అంటారు. వద్దనలేదు. దొరకనిదాని కోసం దాటండి. చౌక కోసం దాటకండి.

ఇంకో మాట. ఇక్కడ కూర్చున్నవాళ్లూ, రేపు ఇది చదివేవాళ్లూ ఒకే దేశంలో ఉండరు. అందుకని ఏ ఒక్క దేశం చట్టాన్నీ పట్టుకుని పాఠం చెప్పను. కొన్ని దేశాల రూల్స్ ఉదాహరణలుగా వస్తాయి, అంతే. మీ లైసెన్స్ ఇచ్చిన ఆఫీసు ఏం చెబితే మీకు అదే చట్టం. నేను చెప్పేది కాదు.

అసలు టార్గెట్ రైఫిల్ అంటే దేని గురించి మాట్లాడుతున్నాం? ముఖ్యంగా రెండు. ఒకటి 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, గాలి ఒత్తిడితో 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్‌ని, అంటే చిన్న సీసం గుండుని, కొట్టేది. రెండోది 50 మీటర్ల .22 రైఫిల్, అంటే 0.22 అంగుళాల సన్న తూటా పేల్చేది. ఈ రెండింటిలో పోటీ స్థాయివి ఎక్కడ తయారవుతాయో మీకు తెలుసు. జర్మనీలో ఉల్మ్ అనే ఒక్క ఊళ్లోనే అన్‌షుట్జ్ ఉంది, వాల్తర్ ఉంది. ఓబర్న్‌డార్ఫ్‌లో ఫైన్‌వెర్క్‌బావ్. ఆస్ట్రియాలో స్టెయిర్. స్విట్జర్లాండ్‌లో బ్లైకర్, గ్రూనిగ్ అండ్ ఎల్మిగర్. ఇంకో రెండు మూడు పేర్లు కలుపుకోండి. ప్రపంచమంతా పోటీల్లో కనబడే రైఫిళ్లలో చాలా భాగం ఈ నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చినవే.

అంటే ఏమిటి? మీరు జర్మనీలోనో స్విట్జర్లాండ్‌లోనో ఉంటే తప్ప, "మన దేశంలో కొన్నాను" అన్న రైఫిల్ కూడా సరిహద్దు దాటి వచ్చిందే. మీ బదులు ఎవరో ఒకరు ముందే దిగుమతి చేసి పెట్టారు. కాబట్టి దిగుమతా, దేశంలో కొనడమా అన్నది అసలు ప్రశ్నే కాదు. దిగుమతిదారు ఎవరు అన్నదే ప్రశ్న. డీలరా? మీరా? డీలర్ ధరకీ అవతలి ధరకీ మధ్య తేడా ఉంది చూశారా, అందులో లాభం ఉంది, కాదనను. కొంతమంది దగ్గర కాస్త ఎక్కువే ఉంది. కానీ లాభం పోగా మిగిలింది ఆ పని చేసినందుకు కూలి. ఆ పని మీరే చేసుకుంటానంటే కూలి మిగులుతుంది, నిజమే. ఆ పనేమిటో చూసి, మిగులుతుందో లేదో మీరే చెప్పండి.

రెండు తాళాలు

మొదటి పని కాగితాలు. దిగుమతి అనగానే అందరూ తమ దేశం పర్మిట్ గురించే ఆలోచిస్తారు. అవతలివాడు పంపడానికి కూడా అనుమతి కావాలి. దీన్నే మరిచిపోతారు. తుపాకీ విషయంలో తలుపుకి రెండు తాళాలు ఉంటాయి, ఇటొకటి, అటొకటి.

అమెరికా సంగతి చూడండి. అక్కడ మామూలు సెమీ ఆటోమేటిక్, బోల్ట్ యాక్షన్ రైఫిళ్ల ఎగుమతి ఒకప్పుడు విదేశాంగ శాఖ చేతిలో, యుద్ధ సామగ్రి జాబితాలో ఉండేది. 2020 మార్చి 9 నుంచి వాణిజ్య శాఖ చేతికి మారింది. మారింది కదా, ఇక హాయిగా పంపించుకోవచ్చు అనుకున్నారు చాలామంది. మారింది ఆఫీసు. లైసెన్స్ అవసరం పోలేదు. దుకాణంలో నిలబడి డబ్బులిచ్చి రైఫిల్ కొనుక్కుని కారు డిక్కీలో పెట్టుకుని సరిహద్దు దాటేస్తే అది కొనుగోలు కాదు, నేరం. కొన్న దేశంలోనూ నేరమే, తెచ్చిన దేశంలోనూ నేరమే.

పోనీ యూరోపియన్ యూనియన్‌లో సరిహద్దులు లేవు కదా అంటారు. మనుషులకి లేవు. తుపాకులకి ఉన్నాయి. 1991 నాటి ఆయుధాల డైరెక్టివ్ దగ్గర్నుంచి, ఇప్పుడున్న 2021 డైరెక్టివ్ దాకా పద్ధతి ఒకటే. ఒక సభ్య దేశంలో కొన్న తుపాకీ ఇంకో సభ్య దేశానికి వెళ్లాలంటే, వెళ్లే దేశం ముందు సరే అనాలి, బయలుదేరే దేశం తర్వాత అనుమతివ్వాలి. పోటీలకి తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి యూరోపియన్ ఫైర్‌ఆర్మ్స్ పాస్ అని ఒక చిన్న పుస్తకం ఉంటుంది. అది ప్రయాణానికే. కొనుక్కుని అక్కడే ఉంచేసుకోవడానికి పనికిరాదు.

ఇక వరస. చాలా చోట్ల ముందు మీ దిగుమతి పర్మిట్ రావాలి. దాన్ని చూపించి అవతలి అమ్మకందారు ఎగుమతి లైసెన్స్‌కి పెట్టుకుంటాడు. అది వచ్చాక సరుకు కదులుతుంది. ఈలోగా మీ పర్మిట్ గడువు తీరిపోయిందనుకోండి? మళ్లీ మొదటికి. ఇంకో చిక్కు చెబుతాను, ఇది బాగా దగ్గర నుంచి చూసినది. పర్మిట్ దరఖాస్తులో సీరియల్ నంబర్ రాయమంటారు. ఫ్యాక్టరీయేమో డబ్బు కట్టి, రైఫిల్ తయారయ్యాక గానీ నంబర్ చెప్పదు. డబ్బు కట్టాలంటే పర్మిట్ వస్తుందన్న నమ్మకం ఉండాలి. ఎవరు ముందు? ఈ ముడి విప్పడం డీలర్‌కి అలవాటు, ఏ అధికారితో ఏ మాట మాట్లాడాలో వాడికి తెలుసు. మనం జీవితంలో ఒకసారో రెండుసార్లో చేసే పని. నంబర్లో సున్నా ఉన్నచోట ఎవరో ఇంగ్లిష్ అక్షరం ఓ అని టైప్ చేశారనుకోండి, పెట్టె కస్టమ్స్ గోదాములో కూర్చుంటుంది. గోదాము అద్దె మీ ఖాతాలో నడుస్తూ ఉంటుంది.

గీత దాటితే పేరు మారుతుంది

ఎయిర్ రైఫిల్‌కి ఈ గొడవ ఉండదు కదా సార్ అని అడగబోతున్నారు. మీరే, మూడో వరసలో. ఆ ప్రశ్న మీ మొహంలో కనబడుతోంది. కూర్చోండి, దాని దగ్గరికే వస్తున్నా.

నాకు ఈ మొత్తం విషయంలో బాగా ఆసక్తికరంగా అనిపించేది ఇదే. అదే ఇనుము, అదే గాలి సిలిండర్. ఒక గీతకి ఇటు పక్క ఆట వస్తువు, అటు పక్క ఆయుధం.

జర్మనీలో 7.5 జౌళ్ల శక్తి దాటని ఎయిర్ రైఫిల్ మీద పంచభుజిలో ఎఫ్ అక్షరం ఉన్న గుర్తు కొడతారు. ఆ గుర్తుంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండా కొనుక్కోవచ్చు. ఇంగ్లండ్‌లో ఈ రకం ఎయిర్ రైఫిల్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు. అదే దీవిలో పైకి వెళ్లి స్కాట్లండ్‌లో అడుగుపెడితే కావాలి, 2016 చివరి నుంచి. పక్కన ఉత్తర ఐర్లండ్‌లో 1 జౌల్ దాటితే చాలు, సర్టిఫికెట్ ఉండాల్సిందే. ఒకే రాజ్యం, మూడు పద్ధతులు!

కెనడా లెక్క ఇంకోటి. అక్కడ పెల్లెట్ వేగం సెకనుకి 152.4 మీటర్లు, శక్తి 5.7 జౌళ్లు, ఈ రెండూ దాటితే ఆ ఎయిర్ రైఫిల్‌ని లైసెన్స్ కావలసిన తుపాకీగా చూస్తారు. రెండూ దాటితేనే, గుర్తుంచుకోండి. ఇప్పుడు మన మ్యాచ్ రైఫిల్ తీసుకోండి. 0.53 గ్రాముల పెల్లెట్ 168 మీటర్ల వేగంతో వెళితే ఎంత శక్తి? దగ్గర దగ్గర 7.5 జౌళ్లు. అంటే జర్మనీ గీతకి సరిగ్గా అతుక్కుని కూర్చున్న రైఫిల్, కెనడా గీతని రెండు విధాలా దాటేసింది. అందుకే అక్కడి మార్కెట్ కోసం వేగం కాస్త తగ్గించిన రకం అమ్ముతారు. పైకి చూస్తే అదే రైఫిల్, అదే పేరు, అదే రంగు. లోపల సర్దుబాటు వేరు. జర్మనీ దుకాణంలో చౌకగా ఉందని మామూలు రకం తెప్పించుకున్న లైసెన్స్ లేని కెనడా షూటర్ పరిస్థితి ఏమిటి? రెండు ధరలూ ఒకే వస్తువువి కాకపోవచ్చు అనేది ఇందుకే.

వేగం తగ్గితే గురి పాడవుతుందా అని భయపడకండి. 10 మీటర్ల దూరంలో టార్గెట్ నడిమధ్య పది మార్కులిచ్చే చుక్క వ్యాసం అర మిల్లీమీటర్. నెమ్మదిగా వెళ్లే పెల్లెట్ కూడా శుభ్రంగా అక్కడే పడుతుంది, పట్టు సరిగా ఉంటే. పట్టు గురించి ఇంకో రోజు తిట్టుకుందాం.

.22 దగ్గర ఇంకో మెలిక ఉంది. సి.ఐ.పి. అని ఒక అంతర్జాతీయ సంస్థ, 1914 నుంచి ఉంది. దాని సభ్య దేశాల్లో తుపాకీని అమ్మే ముందు ప్రభుత్వం గుర్తించిన ప్రూఫ్ హౌస్‌లో మామూలు కంటే ఎక్కువ ఒత్తిడి ఉన్న తూటాతో పేల్చి చూసి, తట్టుకుంటే ముద్ర కొడతారు. ఒక సభ్య దేశం ముద్రని మిగతావాళ్లు ఒప్పుకుంటారు. అమెరికా అందులో లేదు, అక్కడి పరిశ్రమకి తన సొంత ప్రమాణాలున్నాయి. కాబట్టి అమెరికాలో కొన్న రైఫిల్ మీద ఆ ముద్ర లేకపోతే, సి.ఐ.పి. దేశంలోకి వచ్చాక ప్రూఫ్ పరీక్షకి వెళ్లాలి. దాని ఖర్చు, దాని ఆలస్యం, అక్కడ ఏమైనా అయితే దాని నష్టం, అన్నీ దిగుమతిదారువే. దిగుమతిదారు ఎవరు? మీరు.

ఇంకొకటి. తెచ్చిన తుపాకీ మీద దిగుమతి గుర్తు చెక్కాలనే నియమం చాలా చోట్ల ఉంది. అమెరికాలో అయితే దిగుమతి చేసిన కంపెనీ పేరు, ఊరు లోహం మీద చెక్కాలి. అంత ముచ్చటపడి కొన్న రైఫిల్‌ని ఎవరో పరాయివాడి చేతిలో పెట్టి, గీకమని చెప్పాలన్నమాట. ఎంత లోతు, ఎంత సైజు అని కూడా రాసి ఉంటుంది. చెక్కేవాడు బ్యారెల్‌ని వైస్‌లో ఎలా బిగిస్తాడో తలుచుకుంటేనే నాకు గుండె ఝల్లుమంటుంది.

లెక్క వేద్దాం

డబ్బు దగ్గరికి వద్దాం, దీనికే కదా వచ్చారు.

ముందు అవతలివాడి పక్షాన ఒక మాట. జర్మనీ దుకాణం ధరలో 19 శాతం పన్ను కలిసి ఉంటుంది. యూనియన్ బయటికి ఎగుమతి చేస్తే ఆ పన్ను తీసేస్తారు. 119 అని రాసి ఉన్నది 100కి వస్తుంది. ఇది నిజమైన లాభం, కాగితాలు సరిగా ఉంటేనే.

ఇప్పుడు ఆ 100 మన గుమ్మం దాకా రావాలి. నేను చెప్పే శాతాలు లెక్క కోసమే, మీ దేశంవి మీరు పెట్టుకోండి. రవాణా, ఇన్సూరెన్స్ 8 అనుకుందాం. 108 అయింది. చాలా దేశాల్లో సుంకం వేసేది రైఫిల్ ధర మీద కాదు, రవాణా, ఇన్సూరెన్స్ కలిపిన మొత్తం మీద. 10 శాతం సుంకం అనుకోండి, 10.80. మొత్తం 118.80. దేశీయ పన్ను వేసేది దేని మీద? సుంకం కలిపిన మొత్తం మీద. అంటే పన్ను మీద పన్ను. 20 శాతం అనుకుంటే 23.76. ఎంతయింది? 142.56. ఇంకా కస్టమ్స్ ఏజెంట్ ఫీజు వేయలేదు. పర్మిట్ ఫీజులు వేయలేదు. బ్యాంకు మారకంలో కోసుకునేది వేయలేదు. గోదాము అద్దె వేయలేదు, అది రాకూడదని కోరుకుందాం.

డీలర్ చెప్పిన ధర ఇప్పుడు ఎలా కనబడుతోంది?

సుంకం ఎంత అనేది మీ వస్తువుని కస్టమ్స్ ఏ గడిలో, అంటే ఏ వర్గం నంబర్ కింద, పెడుతుందనే దాని మీద ఉంటుంది. టార్గెట్ రైఫిళ్లకి ప్రపంచమంతా వాడే గడి 9303.30. ఎయిర్ రైఫిల్ అందులోకి రాదు, అది 9304. విడిభాగాలు 9305. ఇన్వాయిస్ మీద అమ్మకందారు అలవాటుగా తప్పు గడి రాసి పంపాడంటే సుంకం మారడమే కాదు, పర్మిట్‌కీ ఇన్వాయిస్‌కీ పొంతన లేదని అనుమానం మొదలవుతుంది. అందుకే సరుకు బయలుదేరక ముందే ఇన్వాయిస్ నకలు తెప్పించుకుని, పర్మిట్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూసుకోవాలి.

డబ్బు పంపడం కూడా అనుకున్నంత సులువు కాదు. పేపాల్ లాంటివి తుపాకుల కొనుగోళ్లని ఒప్పుకోవు. చాలా కొరియర్లు మామూలు మనిషి పేరు మీద తుపాకీ తీసుకోవు. ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో 200 బార్ల గాలి ఉంటుంది, కొత్తవాటిలో 300 కూడా. నింపి ఉన్న సిలిండర్‌ని పార్సిల్లో పెడితే అది ప్రమాదకర సరుకు. ఖాళీ చేసి, ఖాళీ అని కనబడేలా పంపాలి.

పోనీ నేనే వెళ్లి విమానంలో తెచ్చుకుంటాను అంటే? తేవచ్చు, అన్ని పర్మిట్లూ చేతిలో ఉంటే. లోడ్ చేయకుండా, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెకిన్ లగేజీగా, ముందే విమానయాన సంస్థకి చెప్పి. తూటాలైతే విమాన రవాణా నియమాల ప్రకారం మనిషికి 5 కిలోల దాకా, అవీ ప్యాకింగ్ సరిగా ఉంటేనే, సంస్థ ఒప్పుకుంటేనే. చాలామంది చూసుకోనిది మధ్యలో విమానం మారే దేశాన్ని. అక్కడ బ్యాగు బయటికి తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సి వస్తే, మీరు ఆ దేశంలోకి తుపాకీ తెచ్చినట్టే. దానికి వేరే అనుమతి. కాబట్టి టికెట్ ధర చూసి దారి ఎంచుకోకండి. తుపాకీతో ప్రయాణం నేరు విమానంలోనే.

కొన్న తర్వాత

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. కాగితాలు ఒక్కసారి గొడవ, రైఫిల్‌తో పదిహేనేళ్లు బతకాలి.

రైఫిల్ కొనేటప్పుడు మనం చూసేది బ్యారెల్. ఫ్యాక్టరీ వాళ్లు టెస్ట్ టార్గెట్ ఇస్తారు, బిగింపులో పెట్టి కొట్టిన గుళ్లన్నీ ఒకే రంధ్రంలా ఉంటాయి. చూసి మురిసిపోతాం. నిజం ఏమిటంటే, ఈ స్థాయి కంపెనీల బ్యారెల్ ఏదైనా మనలో నూటికి తొంభైమంది కంటే బాగానే కొడుతుంది. తేడా వచ్చేది స్టాక్ దగ్గర, అంటే చేతికీ చెంపకీ భుజానికీ ఆనే చట్రం దగ్గర. చెంప ఆనే చెక్క ఎత్తు, భుజానికి ఆనే బట్ ప్లేట్ వంపు, పిడి లావు, చూపుడు వేలికి ట్రిగ్గర్ ఎంత దూరం. అదే మోడల్‌లో పిడి చిన్నది, మధ్యరకం, పెద్దది ఉంటాయి. కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం ఉంటాయి. వీటిని బొమ్మలో చూసి ఎలా తెలుసుకుంటారు? చెప్పు ఎక్కడ కరుస్తుందో తొడిగినవాడికే తెలుస్తుంది. షూటింగ్ జాకెట్ వేసుకుని, భుజానికి పెట్టి, కళ్లు మూసుకుని, తెరిచి, సైట్ కంటికి ఎదురుగా ఉందా లేదా చూడాలి. నిలబడి, మోకాలి మీద, పడుకుని, మూడు భంగిమల్లోనూ. ఇక్కడి డీలర్ దగ్గర ఇది ఉచితం. గంటసేపు వాడి దుకాణంలో నేల మీద పడుకున్నా ఏమీ అనడు. అంటే వేరే డీలర్‌ని చూసుకోండి!

తర్వాత మరమ్మతు. ఎయిర్ రైఫిల్ లోపల గాలి కారకుండా ఆపే రబ్బరు సీళ్లు ఉంటాయి, గాలి ఒత్తిడిని ఒకే తీరుగా ఉంచే రెగ్యులేటర్ ఉంటుంది. కొన్నేళ్లకి సీళ్లు అలిసిపోతాయి. ఎలా తెలుస్తుంది? షాట్లు ఒకసారి పైన, ఒకసారి కింద పడుతుంటాయి, మనం పట్టు తప్పుతోందని రెండు నెలలు మనల్నే తిట్టుకుంటాం. వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టి చూస్తే వేగం ఊగుతూ ఉంటుంది. సీళ్లు మార్చడం పెద్ద పని కాదు, దేశంలో ఏజెంట్ ఉండి, వాడి దగ్గర సీళ్లు ఉంటే. మీరు సొంతంగా తెచ్చుకున్న రైఫిల్‌ని ఆ ఏజెంట్ దగ్గరికి తీసుకెళితే? కొందరు మంచివాళ్లు చేసిపెడతారు. కొందరు "మా దగ్గర కొన్నది కాదుగా" అంటారు. అనడంలో తప్పు కూడా లేదు. వారంటీ చాలాసార్లు అమ్మినవాడితో ముడిపడి ఉంటుంది. వారంటీలో ఫ్యాక్టరీకి పంపించాలంటే ఏం కావాలి? మళ్లీ ఎగుమతి అనుమతి, అక్కడి దిగుమతి అనుమతి, తిరిగి వచ్చేటప్పుడు ఇవే తలకిందులుగా. అర చేతిలో పట్టే రబ్బరు రింగు కోసం.

.22 వాళ్లకి ఇంకో పెద్ద విషయం తూటాలు. ఒకే కంపెనీ, ఒకే పేరు, కానీ ఒక లాట్, అంటే ఒక విడతలో తయారైన తూటాలు, మీ బ్యారెల్‌లో పూలదండలా పడుతుంది, పక్క లాట్ చెదురుతుంది. అందుకే పెద్ద షూటర్లు లాట్ టెస్టింగ్ చేస్తారు. తూటాల కంపెనీల్లో ఈలీ వాళ్లకి బర్మింగ్‌హామ్‌లో, లాపువా వాళ్లకి జర్మనీలోని షోనెబెక్‌లో టెస్టింగ్ రేంజ్‌లు ఉన్నాయి. రైఫిల్ తీసుకెళ్లి బిగింపులో పెట్టి, లాట్ తర్వాత లాట్ కొట్టి, నచ్చిన లాట్ అక్కడే బుక్ చేసుకుంటారు. అందరం అక్కడికి వెళ్లం. మనకి దేశంలో ఏ బ్రాండ్ తూటాలు నిలకడగా వస్తాయో అవే దిక్కు. కాబట్టి వరస తిరగేయండి. ముందు తూటా సంగతి తేల్చుకోండి, తర్వాత రైఫిల్. రైఫిల్ ఒక్కసారి కొంటాం. తూటాలు ప్రతి నెలా కొంటాం.

మరి దిగుమతి ఎవరికి? ఎడమచేతి వాటం వాళ్లకి, ఎందుకంటే డీలర్లు ఆ రకం స్టాకు పెట్టరు. పొట్టి పిల్లలకి, బరువు తక్కువ జూనియర్ మోడల్ దేశంలో ఎవరూ తేకపోతే. ఫ్యాక్టరీ మానేసిన పాత మోడల్ కోసం వెతికేవాళ్లకి. ఒక స్విస్ వర్క్‌షాపులో తమ కొలతలకి చేయించుకునే స్థాయికి ఎదిగినవాళ్లకి. వీళ్లకి పైన చెప్పిన శ్రమంతా గిట్టుబాటే, వేరే దారి లేదు కాబట్టి.

అప్పుడు కూడా మొదటి ఫోన్ అవతలి దుకాణానికి చేయకండి. ఇక్కడి డీలర్‌కే చేయండి. "నాకు ఈ మోడల్, ఎడమచేతి వాటం, చిన్న పిడి కావాలి. మీ తర్వాతి కన్‌సైన్‌మెంట్‌లో కలపండి" అనండి. వాడికి ఎలాగూ పర్మిట్ ఉంటుంది, ఎలాగూ పెట్టె వస్తుంది. అందులో ఇంకో రైఫిల్ ఎక్కించడానికి వాడికయ్యే అదనపు ఖర్చు తక్కువ. క్లబ్‌లో ముగ్గురు నలుగురు కలిసి అడిగితే బేరం కూడా కుదురుతుంది. అడ్వాన్స్ కట్టండి, రసీదు మీద మోడల్ పేరు, వాటం, పిడి సైజు రాయించుకోండి. నోటి మాట మీద కట్టకండి.

ఎవరూ పట్టించుకోని మూడో దారి ఒకటి ఉంది, పాతది కొనడం. దేశంలోనే, ఇంకో షూటర్ దగ్గర. ఆట మానేసినవాళ్లు, ఎదిగిపోయిన పిల్లలు, పై మోడల్‌కి వెళ్లినవాళ్లు. .22 బ్యారెల్ సీసం తూటాలతో అంత తొందరగా అరగదు, జాగ్రత్తగా వాడినది దశాబ్దాలు నడుస్తుంది. దిగుమతి గొడవ అప్పుడెప్పుడో ఎవరో పడి ఉన్నారు, ఇప్పుడు లైసెన్స్ బదిలీ ఒక్కటే. బ్యారెల్ మూతి దగ్గర దెబ్బ ఉందా చూడండి, బోల్ట్ తీసి వెలుతురుకి పెట్టి లోపల తుప్పు చుక్కలున్నాయా చూడండి, మీ తూటాతో ఇరవై షాట్లు కొట్టి చూడండి. మొదటి రైఫిల్ కొనేవాళ్లకి నేను చెప్పేది నూటికి తొంభైసార్లు ఇదే. ఒక్కటి మాత్రం అడగండి, ఆ రైఫిల్‌ని మొదట తెచ్చినప్పుడు అమ్మకూడదనే షరతుతో వచ్చిందా అని. కొన్ని చోట్ల క్రీడాకారులకి సొంత వాడకానికని ఇచ్చే పర్మిట్ల మీద అలాంటి షరతు ఉంటుంది. కాగితం చూపించమనండి.

సరే, ఇక ప్రశ్నలు.

(ఒక సభ్యుడు: రైఫిల్ మొత్తం కాకుండా బ్యారెల్ ఒక్కటే బయట నుంచి తెప్పించుకుంటే పర్మిట్ అక్కర్లేదు కదా?)

ఇది చాలామందిని ముంచే ఆలోచన. బ్యారెల్, బోల్ట్, రిసీవర్ లాంటి ముఖ్య భాగాల్ని చాలా దేశాలు తుపాకీతో సమానంగా చూస్తాయి. యూరప్‌లో వాటినే ముఖ్య భాగాలంటారు, రైఫిల్‌కి ఏ నియమమో వాటికీ అదే. అమెరికా నుంచి బ్యారెల్ బయటికి వెళ్లినా ఎగుమతి నియంత్రణ జాబితాలో ఉన్న వస్తువే. బట్ ప్లేట్, హ్యాండ్ స్టాప్, స్లింగ్, చెంప చెక్క, ఇలాంటివి మాత్రం చాలావరకు మామూలు సరుకులా వస్తాయి. అవి తెప్పించుకోండి, అవతల చౌకగా ఉంటే హాయిగా. చౌక కోసం దాటవద్దన్న నా మాట వీటికి వర్తించదు. అయినా మీ కస్టమ్స్ వాళ్లని ఒకసారి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

(ఇంకో సభ్యురాలు: పాత ఎయిర్ రైఫిల్ బయట దేశంలో బాగా తక్కువకి వస్తోందండీ. మా అబ్బాయి కోసం. ఏం చూసుకోవాలి?)

ముందు సిలిండర్ మీద తేదీ చూడండమ్మా. తయారైన నెల, సంవత్సరం దాని మీదే చెక్కి ఉంటాయి. చాలా కంపెనీలు సిలిండర్‌కి ఇచ్చే ఆయుష్షు 10 ఏళ్లు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీలో నిలబడనివ్వరు, అది సరిగ్గా చూసుకోవాల్సిన బాధ్యత అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య, అదే ఐ.ఎస్.ఎస్.ఎఫ్., నియమాల్లో కూడా షూటర్ మీదే పెట్టారు. తక్కువకి వస్తున్న పాత రైఫిళ్లలో చాలావాటికి అసలు కారణం అదే ఉంటుంది, రెండు సిలిండర్లూ గడువుకి దగ్గర పడి ఉంటాయి. కొత్త సిలిండర్ మీ దేశంలో ఆ మోడల్‌కి దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుంది అని కనుక్కుని ఆ ధర కలపండి. తర్వాత నేను చెప్పిన రవాణా, సుంకం, పన్ను కలపండి. తర్వాత బరువు చూడండి, ఎయిర్ రైఫిల్ 5.5 కిలోలు దాటకూడదు, కానీ మీ అబ్బాయికి అంత బరువు కూడా ఎక్కువేమో. ఎన్నేళ్లు బాబుకి? పన్నెండా? అయితే ఇప్పుడు కొనకండి. ఏడాదిలో చేతులు పొడుగైపోతాయి. క్లబ్ రైఫిల్ ఒకటి ఖాళీగా ఉంది, శనివారం తీసుకురండి, బట్ ప్లేట్ జరిపి సరిపోతుందేమో చూద్దాం.